చుక్కల చక్రం: ఎల్.బి.నగర్ ల్యాబులో నాలుగు రోజులు

హైదరాబాదు వెళ్లి నాలుగు రోజులుండి వచ్చానని తెలిసి మా వీధిలో అందరూ చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా అని అడుగుతున్నారు. రెండూ లేవు. నేను చూసింది ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఆ రెంటి మధ్య నడిచే మెట్రో, ఒక కంప్యూటర్ తెర మీద ఆగకుండా తిరిగే చుక్కల చక్రం. గోల్కొండ ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలీదు. అయినా రాయాలనిపించింది. యాభై ఏళ్లలో నేను చేసిన ప్రయాణాల్లో ఇంతగా అలిసిపోయి తిరిగొచ్చింది ఇంకొకటి లేదు. ఆ అలసటలో మోకాళ్ల వాటా, బస్సు సీటు వాటా కొంతే.

నాది రాజమండ్రి. ఇరవై రెండేళ్లుగా ఆఫీసులకూ ఆస్పత్రులకూ కంప్యూటర్లు చూసిపెట్టే పని. మా ఊళ్లో మొదలైన ఒక రక్తపరీక్షల ల్యాబు రెండేళ్ల కిందట హైదరాబాదు తూర్పు వైపున శాఖలు తెరిచింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆఫీసు, ఎల్.బి.నగర్‌లో ల్యాబు, పెద్ద అంబర్‌పేటలో రక్తం తీసి పంపే చిన్న గది. ఆఫీసు, ల్యాబుల కంప్యూటర్లన్నిటినీ నేను రాజమండ్రిలో కూర్చునే అక్కడి సర్వర్‌కి, అంటే అందరి కాగితాలూ దాచే కంప్యూటర్‌కి, కలిపాను. మొదట్లో బాగానే నడిచింది. ఆర్నెల్లుగా మాత్రం ఒకటే ఫిర్యాదు. పొద్దున్న పేరూ పాస్‌వర్డూ కొట్టాక కంప్యూటర్ తెరుచుకోవడానికి పావుగంట పైనే పడుతోందని. నేను ఫోన్లోనే "రీస్టార్ట్ చేయండి", "మీ దగ్గర నెట్ బాలేదేమో" అంటూ నెట్టుకొచ్చాను. చివరికి ల్యాబు యజమాని డాక్టరుగారు "ఒకసారి వెళ్లి కళ్లతో చూసి రండమ్మా" అన్నారు. బస్సెక్కాను.

ఎల్.బి.నగర్, ఐదుంబావు

బస్సు నన్ను ఫ్లైఓవర్ కింద దించి వెళ్లిపోయింది. దాంతోపాటు నా లాప్‌టాప్ చార్జర్ కూడా వెళ్లిపోయింది. సీటు పక్క ప్లగ్గులో పెట్టి మరిచిపోయానని టీకొట్టు దగ్గర సంచి విప్పితే గానీ తెలీలేదు. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మా ఊరి గ్లాసులో సగం. టీ కాసే ఆయన నా మొహం చూసి గరిటె ఆపాడు.

"ఏమైందమ్మా, ఏమన్న పోయిందా?"

"చార్జరండి. బస్సులో ఉండిపోయింది."

"ఫోన్‌దా?"

"లాప్‌టాప్‌ది."

"గా చార్జరు దిల్‌సుఖ్‌నగర్ల దొరుకుతది. ఆడ దొరకనిది లేదు. మెట్రో తెరిచేదాంక గీడ కూసో. పరేషాన్ గాకు."

మా గోదావరి వైపు ముక్కూమొహం తెలియని మనిషిని "అండి" లేకుండా పలకరిస్తే చిన్నబుచ్చుకుంటారు. నేనూ ఒక్క క్షణం చిన్నబుచ్చుకున్నాను. ఆయన మాత్రం తన భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచి నా వైపు జరిపాడు. కూర్చున్నాను. రాత్రంతా ముడుచుకున్న మోకాళ్లు అప్పటికి కాస్త సాగాయి. ఆయన రెండో టీకి డబ్బులు తీసుకోలేదు, చార్జర్ పోయింది కదా అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో లాగిన్ టీ

మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరం కూడా లేదు. దిగేసరికి కోచింగ్ సెంటర్ల బోర్డులు నిలువెల్లా మీద పడతాయి. బ్యాంకు పరీక్ష, పోలీసు పరీక్ష, గ్రూపు పరీక్షలు, రైల్వే. వాటి కింద పెన్నులు, ఫొటోస్టాట్, మిర్చి బజ్జీలు, చెప్పులు. టీకొట్టాయన చెప్పినట్టే చార్జర్ దొరికింది. నేను దిగిన లేడీస్ హాస్టల్లో రోజు లెక్కన గది ఇస్తారు. నా పక్క మంచం అమ్మాయిది సూర్యాపేట. మూడోసారి ఉద్యోగ పరీక్ష రాస్తోంది. నేను వచ్చిన పని విని, "మీది సర్కారు నౌకరీనా ఆంటీ?" అని అడిగింది. కాదన్నాను. "మరి రాత్రంత బస్సుల కూసొని ఎందుకొచ్చిండ్రు?" అంది. పాపం, ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను దుప్పటి మడత విప్పుకున్నాను.

తొమ్మిదిన్నరకి ఆఫీసుకి వెళ్లాను. మేనేజరు ప్రసాద్‌గారిది గుంటూరు వైపు, ఇక్కడ స్థిరపడి పాతికేళ్లు. మాట ఇంకా అక్కడిదే. ఆరుగురు ఉద్యోగులు. ఒక్కొక్కరూ వచ్చారు, కంప్యూటర్ ఆన్ చేశారు, పాస్‌వర్డ్ కొట్టారు, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టగానే లేచి బయటికి నడిచారు. గదిలో నేనూ ప్రసాద్‌గారూ మిగిలాం.

"ఎక్కడికండీ అందరూ?"

"టీకి. లాగిన్ టీ అంటారు దాన్ని. తాగొచ్చేసరికి తెరుచుకుంటుంది. అలవాటైపోయింది మేడం, ఇక్కడెవరికీ ఇబ్బంది లేదు."

గడియారం పెట్టుకుని చూశాను. పద్నాలుగు నిమిషాలు. ఈలోగా నెట్ పరీక్షించాను, బాగానే ఉంది. ఆర్నెల్లుగా నేను ఫోన్లో చెప్పిన కారణం ఆ పద్నాలుగు నిమిషాల్లోనే పోయింది.

"మరి ఇబ్బంది ఎవరికి?"

"ఎల్.బి.నగర్ కౌంటర్లో అనసూయ అని ఉంది. ఆవిడతోనే. ఆరున్నరకి కౌంటర్ తెరవాలి, రోజూ లేటు. అడిగితే కంప్యూటర్ మీద చెబుతుంది. రెండు మెమోలు ఇచ్చాం. మూడోది ఇస్తే పెద్ద అంబర్‌పేటకి పంపేయమని పైనుంచి మాట. మీరు వస్తున్నారని ఆపాను."

పెద్ద అంబర్‌పేట గదిలో కంప్యూటర్ లేదు. అక్కడికి పంపడమంటే కౌంటర్ ఉద్యోగం తీసేసి, గాజు గొట్టాలు సర్దే పనికి పంపడం. మధ్యాహ్నం కోడికూర భోజనం పెట్టించారు ప్రసాద్‌గారు. కూర బావుంది, కారం మాత్రం వాళ్ల ఊరిది. సాయంత్రందాకా అన్ని కంప్యూటర్లూ విప్పి చూశాను. తప్పు ఎక్కడా కనిపించలేదు.

ఆరున్నర కౌంటర్

రెండో రోజు షేర్ ఆటోలో ఎల్.బి.నగర్ వెళ్లాను. మా ఊళ్లో ఆటోలో ముగ్గురికి నలుగురైతే గొడవ. ఇక్కడ నాలుగో మనిషికి జరగడం అందరికీ ముందే తెలుసు, ఎవరూ అడక్కుండానే జరుగుతారు. ల్యాబు మెయిన్ రోడ్డు వెనక వీధిలో ఉంది. ఆరుంబావుకే తొమ్మిదిమంది షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. అందరూ పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్లు.

అనసూయ నడుచుకుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఊరు నల్గొండ దగ్గర పల్లె, కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉంటున్నారు, భర్త సామాన్ల ఆటో నడుపుతాడు. ఈ సంగతులు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నన్ను చూసి, "రాజమండ్రి మేడం గదా, జర కూసోండి" అని కుర్చీ చూపించి పనిలో పడింది. వాచ్‌మన్ ఆరూ ఇరవై అయిదుకి షట్టర్ ఎత్తాడు. ఆరూ ఇరవై ఆరుకి ఆమె పాస్‌వర్డ్ కొట్టింది. చుక్కలు తిరగడం మొదలైంది.

ఆ ల్యాబులో బిల్లు కొడితేనే బార్‌కోడ్ స్టిక్కర్లు వస్తాయి. స్టిక్కర్ అంటించిన గొట్టంలోకే రక్తం తీయాలి. కాబట్టి ఆ చక్రం ఆగేదాకా లోపల సూది పట్టుకున్న మనిషి కూడా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ఆరూ ముప్పై అయిదు. ఆరూ నలభై. అనసూయ వచ్చినవాళ్ల పేర్లు, వయసు, పరీక్షలు కాగితం మీద రాసుకుంటోంది, తెరుచుకోగానే గబగబా కొట్టడానికి. "ఇంకెంతసేపమ్మా?" అని ఒకరు అడిగారు. "ఒస్తది సార్, ఒస్తది" అంది. ఆ మాట రోజూ ఎన్నిసార్లు అంటుందో, దాంట్లో ఊపిరి కూడా మిగల్లేదు.

మూడో కుర్చీలో ఒక పెద్దాయన, పక్కన భార్య. అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి ఊరు, మొదటి బస్సుకి వచ్చారు. ఆరూ నలభై అయిదుకి ఆయన చేతులు వణకడం చూశాను. నుదుటి మీద చెమట, తెల్లచొక్కా మెడ దగ్గర తడిసిపోయింది. నేను లేచేలోపే అనసూయ కౌంటర్ దాటి వచ్చింది. తన సంచిలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి, గ్లాసులో చక్కెర నీళ్లు కలిపి ఆయన నోటి దగ్గర పెట్టింది.

భార్య ఆ చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, తాగితే మరి పరీచ్చ?"

"పరీచ్చ రేపు జేద్దాం పెద్దమ్మా. పానం ముఖ్యం."

"మళ్ల రేపు రావాల్నా?"

అనసూయ గ్లాసు మళ్లీ ఆయన నోటికి అందించింది. పెద్దాయన గుక్కగుక్కగా తాగాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఆయన భార్య కొంగుతో మొహం తుడుస్తూ గోడ మీది గడియారం వైపు చూసింది. ఆరూ నలభై ఎనిమిదికి కంప్యూటర్ తెరుచుకుంది. ఇరవై రెండు నిమిషాలు.

ఫోన్లో నేను ఎన్నిసార్లు అన్నానో, "పావుగంటే కదమ్మా" అని.

వైరు

పదకొండు దాటాక జనం పల్చబడ్డారు. నేను కౌంటర్ వెనక చేరాను. ల్యాబుకి సంబంధం లేని ఒక కొత్త పేరు తయారుచేసి దాంతో తెరిస్తే అరనిమిషంలో తెరుచుకుంది. అదే కంప్యూటర్, అదే నెట్. అనసూయ పేరుతో తెరిస్తే మళ్లీ ఇరవై నిమిషాలు. అంటే జబ్బు యంత్రంలో లేదు, పేరులో ఉంది. అంతవరకే తేలింది.

ఒంటిగంటకి ఆమె డబ్బా తెరిచి ఒక జొన్నరొట్టె నా ముందు పెట్టింది, దాని మీద టమాట పప్పు. నేను మొహమాటపడితే, "తిను అక్కా, పొద్దటిసంది ఏం తినలే నువ్వు" అంది. మా ఇళ్లలో జొన్నరొట్టె అంటే షుగర్ వచ్చినవాళ్ల పథ్యం. వాళ్ల ఇళ్లలో అది వేడివేడిగా ఇష్టంగా తినేది. ఇది చల్లారిపోయినా రుచిగా ఉంది, ఆకలి కూడా కావచ్చు.

తింటూ తింటూ ఆమె అంది. "నేనొకటి చెప్త అక్కా, కోపం జేయకు. వైరు పీకితే జల్ది తెరుసుకుంటది."

"ఏ వైరండి?"

"వెనక నీలం వైరు. నెట్టుది. పాస్‌వర్డు కొట్టకముందే పీకాలె. నిమిషంల తెరుసుకుంటది. తర్వాత మళ్ల పెడితే బిల్లు కొట్టొచ్చు. నెలరోజులు గట్లనే నడిపిన. ఒక్కనాడు లేటు గాలె."

"మరెందుకు మానేశారు?"

"మెమో ఇచ్చిండ్రు గద. రాజమండ్రికి ఫోన్ జేసి గూడ చెప్పిన, గిట్ల పీకితే గిట్లయితుందని. వైరు ముట్టుకోవద్దని ఫోన్ పెట్టేసిండ్రు. గొంతు నీ లెక్కనే ఉండె." నా వైపు తిరిగి అడిగింది. "నువ్వేనా?"

"నేనేనండి."

తల ఊపింది, అంతే. ఫోన్లోంచి మొదటి మెమో ఫొటో తీసి చూపించింది. "ఇంగిలీషుల ఉన్నది. మా బిడ్డ ఎనిమిది సదువుతది, సదివి చెప్పింది. కంప్యూటరు కరాబు జేస్తున్నరని రాసిండ్రట."

చదివాను. కౌంటర్ సిబ్బంది నెట్ కేబుల్ పీకి పరికరాలతో చెలగాటమాడుతున్నారనీ, అందువల్ల రాజమండ్రికి చేరాల్సిన కాగితాలు చేరడం లేదనీ, వారిని మందలించాలనీ ఉంది. నాలుగు నెలల కిందట రాజమండ్రి ల్యాబువాళ్లు కాగితాలు కనిపించడం లేదని అడిగితే నేను ప్రసాద్‌గారికి రాసిన ఉత్తరం అది. నా వాక్యాన్ని కామాలతో సహా దించి మెమో చేశారు.

ఆ సంగతి ఆ పూట ఆమెకి చెప్పలేదు. మిగిలిన రొట్టె తినేశాను.

తర్వాత నీలం వైరు పీకి ఆమె పేరుతో తెరిచాను. నలభై సెకన్లు. అప్పుడు నాకు వెలిగింది. సర్వర్లో ప్రతి ఉద్యోగి పేరు కింద హోమ్ ఫోల్డర్ అని ఒకటి ఉంటుంది. ఆ మనిషి దాచుకునే కాగితాలు, తెర మీద పరుచుకునే బొమ్మలు అన్నీ అందులోనే. అది ఎక్కడుందో ఒక చిరునామా రాసిపెట్టాలి. హైదరాబాదు వాళ్ల పేర్లు చేర్చినప్పుడు నేను రాజమండ్రి ఉద్యోగి ఒకరి వివరాలకి నకలు తీసి, పేరు మార్చి, చిరునామా మార్చకుండా వదిలేశాను. అందరి హోమ్ ఫోల్డర్లూ రాజమండ్రిలోనే ఉన్నాయి. కొత్తలో ఖాళీవి కాబట్టి తెలీలేదు. రెండేళ్లలో మందుల చీటీల స్కాన్లు వేలకొద్దీ చేరాయి. పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టగానే కంప్యూటర్ నాలుగొందల కిలోమీటర్ల అవతల వాటన్నిటినీ తడుముకుని గానీ తెరుచుకోదు. వైరు లేకపోతే ఎలాగూ అందదని వదిలేసి వెంటనే తెరుచుకుంటుంది. అప్పుడు దాచిన కాగితాలు మాత్రం రాజమండ్రి చేరవు.

ఇదంతా చెబితే అనసూయ నోరు కడుక్కొచ్చి కూర్చుని అంది, "అంటే నా బీరువా రాజమండ్రిల ఉన్నదా? పొద్దుగాల చీర కట్టుకోవాలంటే ఆడిదాంక పోయి రావాల్నా?"

"అవునండి. అక్కడ పెట్టింది నేనే."

"గీడ ఎందుకు పెట్టలే మరి?"

చూసుకోలేదండి, అన్నాను.

ఒడిలో డబ్బా

మూడో రోజు వాచ్‌మన్‌ని బతిమాలి అయిదూ ముప్పావుకే షట్టర్ తీయించాం. అనసూయ ముందే పాస్‌వర్డ్ కొట్టి పెట్టింది. అబ్దుల్లాపూర్‌మెట్ దంపతులు ఆరున్నరకి వచ్చేసరికి కంప్యూటర్ తెరుచుకుని ఉంది. ఆరూ ముప్పై అయిదుకి ఆయన చేతికి దూది అంటించుకుని బయటికొచ్చాడు. భార్య సంచిలోంచి ఇడ్లీ పొట్లం తీసింది. నేనెవరో వాళ్లకి తెలీదు. పెద్దమ్మ నాకూ ఒక ఇడ్లీ ఆకులో పెట్టి ఇచ్చింది, పల్లీ చట్నీతో. నిన్న పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని కదా, నేనూ రోగినే అనుకుంది. కాదని చెప్పలేకపోయాను.

చేయాల్సిన పని ఇప్పుడు తెలుసు. ఫోల్డర్లను రాజమండ్రి నుంచి ఇక్కడికి తెచ్చి, చిరునామాలు మార్చాలి. వాటిని పెట్టడానికి ఇక్కడే ఒక చిన్న సర్వర్ కావాలి. దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసు అటక మీద వాడని కంప్యూటర్ ఒకటుందని ప్రసాద్‌గారు చెప్పారు. వెళ్లి దుమ్ము దులిపి, ఒడిలో పెట్టుకుని షేర్ ఆటోలో తెచ్చాను. పక్కన కూర్చున్నావిడ, "టీవీనా?" అని అడిగింది. కంప్యూటర్ అన్నాను. "బరువుందా? నాకియ్యి, సగం దూరం నేను పట్టుకుంట" అంది. నిజంగానే చైతన్యపురి నుంచి ఆమె ఒడిలో వచ్చింది ఆ డబ్బా. దిగేటప్పుడు నా చీర అంచు ఆటో రేకుకి తగిలి జానెడు చిరిగింది. ఆ రోజంతా ఆ చిరుగుతోనే తిరిగాను.

మధ్యాహ్నం రెండింటికి కాపీ మొదలైంది. అది తెల్లారేదాకా నడుస్తుంది, కూర్చుని చూడటం తప్ప మనిషి చేసేదేమీ లేదు. అనసూయ డ్యూటీ మూడింటికి అయిపోతుంది. ఆమె సంచి సర్దుకుంటుంటే, "ఒక్క నిమిషం కూర్చోండి" అన్నాను.

"ఆ మెమోలో మాటలు నావండి. ప్రసాద్‌గారికి నేనే రాశాను. మీరు చెప్పింది వినకుండా మీ మీదే రాశాను."

ఆమె సంచి జిప్పు సగంలో వదిలేసి నా వైపు తిరిగింది.

"నిన్న ఎర్కనేనా నీకు? రొట్టె తిన్నప్పుడు?"

"తెలుసండి."

"చెప్పలే మరి."

"చెప్పలేదు."

లేచి వెళ్లి, ఖాళీగా ఉన్న నీళ్ల సీసా నింపుకుంది. తిరిగొచ్చి, "మెమో సంగతి నెల రోజులు మా ఆయనకు చెప్పలే నేను" అంది. "మంచోడే. గని పెద్ద అంబర్‌పేట అంటే బిడ్డను ఇడిసిపెట్టి నాలుగింటికే లేసి పోవాలె. పని ఇడిసిపెట్టు అంటడు. ఇంటర్ దాంక సదివిన, గీ కుర్సీ కోసం మూడేండ్లు తిరిగిన." గొంతు పెంచలేదు. "పోయొస్త మేడం."

అక్కా అనలేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

ప్రసాద్‌గారి సలహా

సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ చేరాను. పేవ్‌మెంట్ మీద కాలు పెట్టడానికి సందు లేదు. పరీక్షల పిల్లలు నిలబడే చదువుతున్నారు, నిలబడే తింటున్నారు. ప్రసాద్‌గారు ఆఫీసులో నా కోసమే ఉన్నారు. జరిగింది చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"చూడండి మేడం, మీరు మా వైపు వారు, చనువుకొద్దీ చెబుతున్నా. రిపోర్టులో నెట్ ప్రాబ్లం, సరిచేశాం అని రాసేయండి. ఎవరికీ నొప్పి లేదు. డాక్టరుగారికి తప్పు మీదని తెలిస్తే ఊరుకోరు."

"మరి మెమోలు?"

"అవెక్కడికి పోతాయి, ఫైల్లో ఉంటాయి. మూడోది నేను ఇవ్వనులెండి. నా మాట."

మంచి మనసుతోనే అన్నారు. మూడు రోజులుగా నన్ను ఆదుకున్న మనిషి. నాకూ అంతకంటే హాయిగా వినిపించిన మాట ఆ నాలుగు రోజుల్లో ఇంకొకటి లేదు. సరే అనేస్తే హాస్టల్‌కి వెళ్లి పడుకోవచ్చు. మా ఇంటి ఖర్చులో సగం ఆ ల్యాబు పని మీదే నడుస్తోంది. "ఆలోచిస్తానండి" అని లేచాను.

హాస్టల్లో పక్క మంచం అమ్మాయి పుస్తకం మీద తల పెట్టి నిద్రపోయింది. మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. మొదట నెట్ ప్రాబ్లం అనే రాశాను. రాసి చదువుకుంటే పొద్దున్న ఇడ్లీ పెట్టిన పెద్దమ్మ చెయ్యి గుర్తొచ్చింది. ప్రసాద్‌గారు రేపు బదిలీ అయిపోతే ఆయన మాట కూడా ఆయనతోనే పోతుంది, ఫైలు మాత్రం ఇక్కడే ఉంటుంది. చెరిపేశాను. హోమ్ ఫోల్డర్ల చిరునామా తప్పుగా పెట్టింది నేను, ఆర్నెల్లు ఫోన్లో తోసిపుచ్చింది నేను, కౌంటర్ ఉద్యోగి అనసూయ కారణం సరిగ్గా కనిపెట్టి నాకు ముందే చెప్పింది, ఆమె మీద నేను రాసింది తప్పు, రెండు మెమోలూ వెనక్కి తీసుకోవాలి. అయిదు వాక్యాలకి గంట పట్టింది. పంపేశాక ధైర్యం లాంటిదేమీ రాలేదు. లాప్‌టాప్ మూసి ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

నాలుగో పొద్దు

కాపీ పూర్తయింది. ఆరింటికి ల్యాబు బయట కూర్చుని లాప్‌టాప్‌లోంచే చిరునామాలన్నీ మార్చాను. ఆరూ ఇరవై అయిదుకి షట్టర్ లేచింది, అనసూయ వచ్చి కూర్చుంది, పాస్‌వర్డ్ కొట్టింది. ఇరవై ఆరు సెకన్లు. ఆమె చెయ్యి అలవాటుగా కాగితం, పెన్ను తీసుకుని పేర్లు రాయడానికి సిద్ధమైంది. తెర తెరుచుకుని ఉండటం చూసి పెన్ను పక్కన పెట్టింది. మొదటి బిల్లు ఆరూ ఇరవై ఎనిమిదికి వచ్చింది. ఏడయ్యేసరికి కుర్చీలన్నీ ఖాళీ.

తొమ్మిదింటికి డాక్టరుగారు ఫోన్ చేశారు. అరవలేదు. "మీరు రాసింది చదివానమ్మా. అనసూయకి ఉత్తరం ఇప్పుడే పంపిస్తున్నాను. మీ సంగతి ఊరొచ్చాక మాట్లాడుకుందాం" అన్నారు. మాట్లాడుకున్నాం. నెలాఖరుకి ల్యాబు కంప్యూటర్ల పని కాకినాడ కుర్రాళ్లకి ఇచ్చేశారు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో.

పదింటికి ఉత్తరం వచ్చింది. రెండు మెమోలూ రద్దు, పొరపాటు సాంకేతిక నిర్వహణది, ఉద్యోగిది కాదు అని. ఇంగ్లీషులోనే ఉంది. కింద తెలుగులో కూడా రాయించమని నేనే అడిగాను, రాయించారు. ప్రింటు తీసి అనసూయకి ఇచ్చాను. కౌంటర్ దగ్గరే నిలబడి, వేలు పెట్టి, తెలుగు భాగం మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది.

"ఇంకొకటి తీస్తరా మేడం?"

"ఆఫీసు ఫైల్లో ఒకటి పెట్టారండి. ఇది మీది."

"ఇంట్లకు ఇంకొకటి గావాలె. మళ్ల ఎవరన్న అడిగితే సూపెట్టాలె గద."

రెండోది తీసిచ్చాను. రెండింటినీ అంచులు కలిపి మడిచి, ఒకటి పర్సులో, ఒకటి రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. నేను సంచి భుజాన వేసుకుని ఇంకా అక్కడే నిలబడ్డాను, ఏదైనా అంటుందేమోనని. నా వెనక నెలల పిల్లని ఎత్తుకుని ఒకావిడ చీటీ పట్టుకుని ఎదురుచూస్తోంది.

"జర పక్కకు జరుగుండ్రి మేడం" అంది అనసూయ, మామూలు గొంతుతోనే. జరిగాను. ఆమె చెయ్యి చాచి ఆ చీటీ అందుకుంది.